ఎర్రమెట్ట మీద దీపం

గోపాలపట్నం,
9 సెప్టెంబరు 1979

ప్రియమైన అన్నయ్యకు,

వందనాలు. వదిన, పిల్లలు క్షేమమని తలుస్తాను. నేను బాగున్నాను. నాన్నగారు కూడా బాగున్నారు. నువ్వు అడగవని తెలుసు, అయినా రాస్తున్నాను. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. పేపరు నేనే చదివి వినిపిస్తున్నాను.

నిన్న మా తొమ్మిదో తరగతి పిల్లల్ని ఎర్రమెట్ట లైట్‌హౌస్‌కి తీసుకెళ్లాను. పదిహేనేళ్ల కిందట దీపం ఆర్పేసి, నాన్నగారు రిటైరై మేం కొండ దిగాక, నేను మళ్లీ అక్కడికి వెళ్లడం ఇదే మొదలు. తలుపు ఊడిపోయింది. లోపల మేకలు పడుకుంటున్నాయి. డెబ్భై రెండు మెట్లూ గట్టిగానే ఉన్నాయి గానీ పైన దీపం గదిలో అద్దాలు సగం పగిలిపోయాయి. కటకాన్ని డిపార్ట్‌మెంటు వాళ్లు ఎప్పుడో విప్పి పట్టుకుపోయారు. అది తిరిగిన ఇత్తడి దిమ్మ మాత్రం పచ్చగా చిలుము పట్టి అలాగే ఉంది. సముద్రం వైపు గోడకి పైనుంచి కిందిదాకా ఒక బీట.

గోడకి నోటీసు అంటించారు. వేలం వేసి, పడగొట్టి, రాయి అమ్మేస్తారట.

ఈ పొద్దున్న చర్చిలో డిపార్ట్‌మెంటు గుమాస్తా శ్రీరామ్మూర్తి గారి కూతురు కనిపిస్తే, దాని వెంటే వాళ్లింటికి వెళ్లాను. గోడ నిలబడుతుందని ఒక ఇంజినీరు రాసిచ్చి, బాగోగులు మా స్కూలు చూసుకుంటానంటే, వేలం ఆపమని పైకి రాయవచ్చన్నారాయన. ఏప్రిల్ నెలాఖరు దాకా గడువు.

అన్నయ్యా, నాకు తెలిసిన ఇంజినీరువి నువ్వొక్కడివే.

నీ చెల్లెలు,
ప్రేమలీల


భిలాయ్,
30 సెప్టెంబరు 1979

ప్రేమకు ఆశీస్సులు.

ఉత్తరం అందింది. కంటి ఆపరేషన్ ఆలస్యం చెయ్యకు.

ఆ టవరు సంగతి నన్నడగవద్దు. అది పడిపోతే నాకు బాధ లేదు. ఎందుకో నీకు ఎవరూ చెప్పి ఉండరు. నువ్వు పుట్టిన రాత్రి నేను బీచి దగ్గర మిషన్ హాస్టల్లో ఉన్నాను. పన్నెండేళ్లవాణ్ణి. జ్వరంతో నిద్ర పట్టక కిటికీ దగ్గర కూర్చుని ఎర్రమెట్ట దీపాన్నే చూశాను. తెల్లారేదాకా అది ఒక్కసారి కూడా ఆగలేదు. పొద్దున్నే, నువ్వు పుట్టావనీ, అమ్మ ఆసుపత్రిలో పోయిందనీ కబురొచ్చింది. జాలర్ల చేత అమ్మని మోయించి పంపేసి ఆయన దీపం దగ్గర కూర్చున్నాడని సమాధి దగ్గర అత్తయ్య అందరి ముందూ అంది. ఆయన కాదనలేదు.

సెలవులకి నేను మామయ్య ఇంటికే ఎందుకు వెళ్లేవాడినో నీకిప్పుడు తెలిసింది. ఇంక దీని గురించి రాయకు.

సుందర్ రాజ్

తా.క. బీటలో సిమెంటు కూరించకు. పాత సున్నపు గోడ సిమెంటుని భరించదు. బీటకి అడ్డంగా మూడు చోట్ల సన్నటి గాజు పట్టీలు అతికించి, పక్కన తేదీ రాయించు. గోడ ఇంకా కదులుతుంటే గాజు విరుగుతుంది. విరక్కపోతే అది ఎప్పుడో పుట్టి ఆగిపోయిన బీట.


గోపాలపట్నం,
28 అక్టోబరు 1979

ప్రియమైన అన్నయ్యకు,

రాయవద్దన్నావు. కానీ తాజా కలం నువ్వే రాశావు కదా.

నీ ఉత్తరం స్కూల్లో చదివాను. తర్వాతి పీరియడ్ పాఠం చెప్పలేకపోయాను. నా పుట్టినరోజుకి నువ్వు ఏనాడూ కార్డు ముక్క రాయకపోతే, మర్చిపోయే స్వభావం అనుకునేదాన్ని. ఆ రోజు నీకు గుర్తు లేకపోవడం కాదు, వద్దనుకోవడం అన్నమాట. నన్ను చూసినా నీకు అదే గుర్తొస్తుందా అని అడగాలనుంది. అడగను.

గాజు పట్టీలు అతికించాం. మేస్త్రి గురువులు సున్నం పని తెలిసిన పాతకాలం మనిషి. కరక్కాయ, బెల్లం నీళ్లు పోసి సున్నం నానబెట్టాడు. మా పిల్లలు ఆదివారాలు వచ్చి మేకల పెంట ఎత్తి, మెట్లు కడిగారు. జాలరిపేట నుంచి గంగాలమ్మ వచ్చింది. నీకు గుర్తుండే ఉంటుంది, నన్ను చంకనేసుకుని పెంచింది తనే. ఇప్పటికీ గంప నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగి చేపలమ్ముతుంది. గంప దింపి చీపురు పట్టింది.

ఇంటికొచ్చి ఇత్తడి చిలుము సంగతి చెప్తే నాన్నగారు హుషారుగా లేచి కూర్చున్నారు. చింతపండుతో తోమి, వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడవాలట. తడి ఒక్క చుక్క మిగలకూడదట. గాజు పట్టీల ఉపాయం ఎవరు చెప్పారని అడిగారు. ఒక ఇంజినీరు అన్నాను. ఆయన మిగిలిన గాజు ముక్క చేతిలోకి తీసుకుని, అంచులు తడుముతూ సాయంత్రమంతా కూర్చున్నారు. "పని తెలిసినవోడు," అన్నారు పడుకోబోయే ముందు.

ప్రేమ


భిలాయ్,
12 నవంబరు 1979

చిరంజీవి ప్రేమకు,

ఈ ఉత్తరం పంతొమ్మిదో తేదీకి నీ చేతికి అందాలని ముందుగా పోస్టు చేస్తున్నాను. నీకు ముప్పై ఒకటి నిండుతాయి. దేవుడు నిన్ను చల్లగా చూడాలి. ఇన్నేళ్లూ రాయనందుకు నన్ను క్షమించు. నిన్ను చూస్తే నాకు గుర్తొచ్చేది అమ్మ ముఖమే, ఇంకేమీ కాదు. నా పెళ్లి ఫోటోలో నువ్వు నవ్విన తీరు చూసి మీ వదిన కూడా, మీ అమ్మగారు ఇలాగే ఉండేవారా అని అడిగింది.

ఆ పెళ్లికి ఆయన వచ్చి చివరి బెంచీలో కూర్చుని, భోజనం చెయ్యకుండా వెళ్లిపోయారు. నేను ఆపలేదు.

ఇంతదాకా వచ్చింది గనక ఆ పొద్దుటి సంగతి కూడా రాస్తున్నాను. కబురు చెప్పడానికి ఆయనే హాస్టల్‌కి వచ్చారు. మోకాళ్ల దాకా తడి ఇసుక. చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది. నేను ఒక్క ప్రశ్నే అడిగాను: "రాత్రి నువ్వెక్కడున్నావు నాన్నా?" ఆయన "డ్యూటీలో," అన్నారు. అంతే ప్రేమా. ఆ తర్వాత ఆయనతో నాకు మాట రాలేదు.

గాజులు ఎలా ఉన్నాయో రాయి.

సుందర్


గోపాలపట్నం,
6 జనవరి 1980

ప్రియమైన అన్నయ్యకు,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

గాజులు విరగలేదు. నవంబరులో మూడు రోజులు పెద్ద గాలి వీచినా మూడూ నిక్షేపంగా ఉన్నాయి. ఇవాళ వాటిని చూడడానికే వెళ్లాను. గంగాలమ్మ, నేను దీపం గదిలో దిమ్మ తోముతున్నాం. నీ ఉత్తరం నా మనసులో నలుగుతూనే ఉంది. ఉండబట్టలేక, అమ్మ పోయిన రాత్రి నాన్న ఈ దీపం వదల్లేదట కదా, అన్నయ్యకి ఆ కోపం ఇంకా పోలేదు అన్నాను.

ఆవిడ చేతిలో గుడ్డ కింద పెట్టేసింది. తర్వాత తన కుడి అరచెయ్యి నా ముందు చాపింది. బొటనవేలి కింద ఆ కాలిన మచ్చ నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. పొయ్యి దగ్గర కాలిందనుకునేదాన్ని.

"ఇది ఈ దీపం కాల్సింది అమ్మీ," అంది. "ఆ రాత్రి దీపం తిప్పింది నాను. మీ బాబు కాదు."

అన్నయ్యా, ఆ రాత్రి వానకి గట్టు తెగి బండి దారి లేదు. నాన్నగారూ, గంగాలమ్మ మరిది కన్నబాబూ నులక మంచానికి కర్ర కట్టి అమ్మని మోసుకుంటూ ఇసుకలో నాలుగు మైళ్లు నడిచారట. గంగాలమ్మ పైన ఒక్కతే ఉండిపోయింది. అమ్మకి తోడుగా వచ్చి కూర్చునే రోజుల్లో నాన్నగారి పని చూస్తూ ఉండేది కాబట్టి, కటకాన్ని తిప్పే గొలుసు బరువు ఎప్పుడు పైకి చుట్టాలో, దీపానికి ఎప్పుడు గాలి కొట్టాలో తెలుసు. ఆ రాత్రి పదకొండు పడవలు సముద్రం మీద ఉన్నాయి. వాటిలో ఒకటి ఆవిడ భర్త ఎల్లాజీది.

"నానే పొమ్మన్నాను," అంది. "బాబూ, నువ్వు ఆ మనిసిని బతికించుకో, దీపం నాను సూసుకుంతాను, మా ఆయన ఇంటికి రావాల గదా, నాను నిద్దరోతానేటి అన్నాను."

బయటి మనుషుల్ని దీపం గదిలోకి రానిచ్చారని తెలిస్తే నాన్నగారి ఉద్యోగం పోయేది. అప్పటికి నేను మూడు రోజుల పిల్లని. రిజిస్టరులో ఆ రాత్రంతా తనే కాపలా ఉన్నట్టు రాసి సంతకం పెట్టారట. ఎవరికీ చెప్పవద్దని గంగాలమ్మ చేత అమ్మోరి మీద ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు ఈ రోజు తీసి గట్టున పెట్టింది.

నువ్వు కిటికీలోంచి చూసింది నిజమే. దీపం ఆగలేదు. దాని దగ్గర నాన్న లేరు.

ప్రేమ


భిలాయ్,
20 జనవరి 1980

ప్రేమా,

గంగాలమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ చిరిగిన చొక్కా భుజం నాకు ఇన్నేళ్లూ కళ్లకి కడుతూనే ఉంది. మంచం కర్ర మోసిన భుజమని ఒక్కనాడూ తోచలేదు.

అయితే ఎందుకు చెప్పలేదు? పన్నెండేళ్లప్పుడు నోరు జారతానని భయపడ్డారనుకో. ఇరవై ఏళ్లప్పుడు? నా పెళ్లప్పుడు? ఒక్క మాటతో పోయేదాన్ని ఇన్నేళ్లు ఎందుకు మోశారు, నా చేత ఎందుకు మోయించారు?

నువ్వు అడుగు. నేను అడగలేను.

సుందర్


గోపాలపట్నం,
17 ఫిబ్రవరి 1980

ప్రియమైన అన్నయ్యకు,

అడగడానికి నాకు మూడు వారాలు పట్టింది.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన మంచం మీద ఒరిగి ఉన్నప్పుడు, గంగాలమ్మ చెప్పిందంతా చెప్పి, అన్నయ్యకి ఎందుకు చెప్పలేదు నాన్నా అన్నాను. గంగాలమ్మ మీద కోప్పడతారనుకున్నాను. పడలేదు. లేచి కూర్చుని కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

అమ్మకి నొప్పులు సాయంత్రం దీపం వెలిగించే వేళకే మొదలయ్యాయట. సెలవు మీద వెళ్లిన అసిస్టెంటు వీర్రాజు ఆ సాయంత్రం బస్సుకి తిరిగి రావాలి. అతను రాగానే దీపం అప్పగించి బయల్దేరుదామని నాన్నగారు చూశారు. వానకి బస్సే రాలేదు. కిందికి దిగి అమ్మని చూడడం, పైకెక్కి బరువు చుట్టడం. అలా మూడు గంటలు గడిచాక గంగాలమ్మ వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒకటే మాట అందట, రెండు గంటల ముందు తీసుకొచ్చి ఉంటే అని.

ఆయన అన్న మాటలు అలాగే రాస్తున్నాను. నా మాటలుగా మార్చడం నాకు చేతకాలేదు.

"నాలుగు మైళ్లు మోశానని ఆడితో సెప్పుకోనా అమ్మా? ఆ మూడు గంటలూ నాను దీపం వేపే సూశాను. ఆడనుకున్నది అబద్ధం కాదు."

అన్నయ్యా, ఇన్నేళ్లూ ఆయన నోరు విప్పనిది ఉద్యోగం కోసమే కాదు. నువ్వు వేసిన శిక్ష సరైనదేనని ఒప్పుకుని కూర్చున్నారు. నాకు ఆయన మీద జాలి కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. పదకొండు పడవలు కదా నాన్నా అన్నాను. "మీ అమ్మ ఒక్కత్తే గదా," అన్నారు.

ప్రేమ


గోపాలపట్నం,
16 మార్చి 1980

అన్నయ్యా,

నెలయింది, నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. గాజులు అలాగే ఉన్నాయి. గురువులు బీటని సున్నంతో మూశాడు. శ్రీరామ్మూర్తి గారు గడువు గుర్తు చేశారు. గోడ చూసి రాసివ్వడానికి నువ్వు రాకపోతే ఇక్కడ ఎవరినైనా చూసుకుంటాను. ఒక్క ముక్క రాయి చాలు, అవునో కాదో.

పోస్టుమాన్ గేటు దగ్గరికి వస్తే నాన్నగారు రేడియో గొంతు తగ్గిస్తున్నారు. ఇది నీకు రాయకూడదనుకున్నాను.

ప్రేమ


భిలాయ్,
23 మార్చి 1980

చిరంజీవి ప్రేమకు,

నెలరోజులూ రోజూ కాగితం ముందు కూర్చున్నాను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. విశాఖ ఉక్కు ప్రాజెక్టుకి రమ్మని నన్ను రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ మీ వదినకి కూడా చెప్పకుండా వద్దని రాసిచ్చాను. ఆయన ఉన్న ఊళ్లో ఉండలేననుకున్నాను. మూడోసారి కాగితం ఈ నెలలో వచ్చింది. నిన్న సంతకం చేశాను. జూన్‌లో అందరం వచ్చేస్తాం.

నాకూ ఇద్దరు పిల్లలున్నారు. కిందటేడు ఫర్నేసు ఆగిపోయిన రోజు, చిన్నవాడికి నూట నాలుగు జ్వరమని ఫోను వస్తే, ఇదిగో వస్తున్నానంటూ రెండు గంటలు అక్కడే ఉండిపోయాను. వాడికేమీ కాలేదు కాబట్టి అది ఎవరికీ గుర్తు లేదు. నీ ఉత్తరం చదివాక నాకు గుర్తొచ్చింది.

ఏప్రిల్ పదిహేడున వస్తున్నాను. టవరు చూసి సర్టిఫికెట్ నేనే రాస్తాను. నాన్నతో ముందుగా చెప్పకు. రైలెక్కేదాకా నా మీద నాకే నమ్మకం లేదు.

సుందర్


గోపాలపట్నం,
2 ఏప్రిల్ 1980

ప్రియమైన అన్నయ్యకు,

చెప్పను. కానీ నేను కూడా ఉండను. పదో తరగతి పేపర్లు దిద్దడానికి రాజమండ్రిలో డ్యూటీ వేశారు. పన్నెండున వెళ్లి నెలాఖరుకి వస్తాను. పక్కింటి తాయారు గారు నాన్నగారికి అన్నం పంపిస్తారు. టవరు తాళం గంగాలమ్మ దగ్గరుంది. నాన్నగారి కాఫీలో చక్కెర సగం చెంచానే. ఎంత అడిగినా ఎక్కువ వెయ్యకు.

ప్రేమ


గోపాలపట్నం,
24 ఏప్రిల్ 1980

ప్రేమా,

నేను వచ్చేసరికి నాన్న వరండాలో కూర్చున్నారు. అడుగుల చప్పుడు విని, కరెంటు మీటరు లోపల ఎడంపక్క ఉంది బాబూ అన్నారు. నేను మీటరు చూసేవాడిలాగే లోపలికి వెళ్లి, గోడ దగ్గర కాసేపు నిలబడి, మళ్లీ బయటికొచ్చాను. సుందర్ని నాన్నా అన్నాను.

ఆయన లేవబోయి, కుర్చీ చెయ్యి దొరక్క మళ్లీ కూర్చున్నారు. "రైలు లేటా?" అన్నారు.

అవును నాన్నా, లేటు అన్నాను. తాయారు గారు అన్నం గిన్నెతో వచ్చి మమ్మల్ని చూసి, చప్పుడు చెయ్యకుండా గట్టు మీద పెట్టి వెళ్లిపోయారు.

మొదటి రెండు రోజులూ గోడల గురించే మాట్లాడుకున్నాం. మూడో రోజు హాస్టల్ కిటికీ సంగతి చెప్పాను. ఆయన ఆ మూడు గంటల సంగతి చెప్పారు. నీకు చెప్పినవే, కానీ నాకు చెప్పడం వేరు. నా చిన్నవాడి జ్వరం సంగతి చెప్పాను. పిల్లాడికి ఇప్పుడెలా ఉందని ఆత్రంగా అడిగారు. కిందటేటి సంగతి నాన్నా, ఇప్పుడు చెట్లెక్కుతున్నాడన్నాను.

టవరు భేషుగ్గా ఉంది. పైనుంచి తూకం గుండు వదిలి చూశాను. ఒరుగు రెండంగుళాలు కూడా లేదు. నాన్న రిక్షాలో మెట్ట కింది దాకా వచ్చి, గంగాలమ్మ పక్కన రాయి మీద కూర్చుని, నేను పైనుంచి కేకేసిన కొలతలన్నీ నోట్లో మళ్లీ మళ్లీ చెప్పుకుంటూ గుర్తు పెట్టుకున్నారు. ఒక్కటీ తప్పు పోలేదు.

ఇంటికొచ్చి సర్టిఫికెట్ రాస్తుంటే, ఇంకో కాగితం తియ్యమన్నారు. డిపార్ట్‌మెంటుకి ఉత్తరం, తను చెప్తే నేను రాయాలన్నారు. ఆయన చెప్పిన మొదటి వాక్యం ఇది: "1948 నవంబరు 19 రాత్రి ఎర్రమెట్ట దీపం దగ్గర నేను లేను. రిజిస్టరులో నేను రాసినది అబద్ధం." పెన్షనుకి ఇబ్బంది రావచ్చు నాన్నా అన్నాను. రాయమన్నారు. గంగాలమ్మ ఎప్పుడొచ్చింది, ఏం చేసింది, చెయ్యి ఎలా కాలింది, పదకొండు పడవలూ పొద్దున్నకి ఎలా ఒడ్డు చేరాయి, అన్నీ చెప్పారు. చివర ఆయన వేలు పట్టుకుని కాగితం మీద చోటు చూపిస్తే సంతకం చేశారు.

"సాక్షి సంతకం నువ్వు సెయ్యి," అన్నారు.

నేను అక్కడ లేను కదా నాన్నా అన్నాను.

"కిటికీలోంచి సూశావు గదా. ఒక్కసారి కూడా ఆగలేదన్నావు. ఆవిడ పని సరిగ్గా సేసిందని సెప్పడానికి నీకన్నా ఎవడున్నాడు?"

సంతకం చేశాను ప్రేమా.

నిన్న పై ఆఫీసరు వచ్చి టవరెక్కి చూసి, సర్టిఫికెట్ తీసుకున్నాడు. వేలం రద్దు చేస్తున్నామనీ, మీ స్కూలు పేర పదేళ్లకి రాసిస్తామనీ అక్కడికక్కడే చెప్పాడు. నాన్న ఉత్తరం రెండుసార్లు చదివి, ఆ రిజిస్టరుని చెదలు ఎప్పుడో తినేశాయి పెద్దాయనా, ఇది వెనక్కి తీసుకోండి అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. ఫైల్లో పెట్టించి, నంబరు వేయించి, ఆ నంబరు నా చేత రాయించుకున్నారు.

ఫైల్లోకి గంగాలమ్మ వివరాలు కావాలని శ్రీరామ్మూర్తి గారు, గంగాలమ్మ, భర్త పేరు ఎల్లాజీ అని రాసుకోబోయారు. ఆవిడ ఆపింది. "ఆడి పేరెందుకు బాబూ? ఆడు సముద్రం మీదున్నాడు. దీపం కాడున్నది నాను," అంది. ఆయన కొట్టేసి మళ్లీ రాశారు.

నాన్న ఇప్పుడు మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. ఇరవై తొమ్మిదిన కంటి ఆపరేషన్‌కి మాట్లాడాను. సెలవు పొడిగించాను.

సుందర్


రాజమండ్రి,
27 ఏప్రిల్ 1980

ప్రియమైన అన్నయ్యకు, నాన్నగారికి,

ఇద్దరి పేర్లూ ఒకే ఉత్తరం మీద రాయడం నాకిదే మొదటిసారి. రాసి కాసేపు చూసుకున్నాను.

నీ ఉత్తరం పేపర్లు దిద్దే హాల్లోనే విప్పాను. పక్క టీచరు, ఎవరైనా పోయారా అని అడిగింది. లేదండీ, మా అన్నయ్య ఇంటికొచ్చాడన్నాను.

ఇప్పుడు నేను దాచిన సంగతి చెప్తాను. ఈ డ్యూటీ నాకు వెయ్యలేదు. అడిగి వేయించుకున్నాను. నేను ఇంట్లో ఉంటే మీరిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడకుండా నాతోనే మాట్లాడతారని తెలుసు. పదిహేను రోజులుగా ఇక్కడ నాకు నిద్ర లేదు. పాపం ఎవరి పిల్లలో గాని, వాళ్లకి మార్కులు కాస్త ఎక్కువే పడి ఉంటాయి.

రేపు పాసింజరుకి బయల్దేరుతున్నాను. ఆపరేషన్ పొద్దుటికి అక్కడుంటాను. స్టేషనుకి ఎవరూ రావద్దు. నాన్నగారిని ఎండలో తిప్పకు. అన్నం మాత్రం ముగ్గురికీ వండి ఉంచు. నువ్వు ఎలా వండినా సరే, తింటాం.

ప్రేమ